గడప దగ్గర లేచి నిలబడ్డాను

సౌదీలో పద్దెనిమిదేళ్లు వడ్రంగం చేస్తే, నా పనుల్లో ఒక్కదానికి మాత్రం జనం వంగి దండం పెట్టారు. అదేదో పెద్ద కట్టడం కాదు. షట్టరింగుకు పనికిరాదని మూలన పడేసిన నాలుగడుగుల చెక్కముక్క. తబూక్ ఊరి బయట మా క్యాంపులో సామాన్లు పెట్టే పోర్టకాబిన్‌కు గడప లేదు. మా ఫోర్‌మన్ ఆ చెక్కను నా చేత గడపగా కొట్టించి, కొట్టిన మరుక్షణం నుంచి దాన్ని తొక్కకూడదన్నాడు. నేను కట్టిన బడులనూ బ్యారక్కులనూ ఒక్కడూ మెచ్చుకున్న పాపాన పోలేదు గానీ, ఆ చెక్కను మాత్రం ఏడుగురు టర్కీవాళ్లు ప్రతి గురువారం సాయంత్రం వంగి ముద్దుపెట్టుకునేవాళ్లు.

ఫోర్‌మన్‌ను అందరం ఉస్తా అనేవాళ్లం. అరవైకి దగ్గరపడ్డ టర్కీ మనిషి, తెల్ల మీసాలు, గోడను ఒక కంటితో చూసి వంకర చెప్పేవాడు. పగలు సైటు మీద ఆయన నోట్లోంచి వచ్చే మాటలు ఇక్కడ రాయలేను. గురువారం సాయంత్రం ఆ పోర్టకాబిన్‌లో మాత్రం అదే మనిషి ముతక దుప్పటి మడతపెట్టుకుని దాని మీద కూర్చుంటే మిగతా ఆరుగురికీ గురువు. వాళ్లు అలెవీలు, ముస్లింలలోనే వేరే దారివాళ్లు. అందరూ గుండ్రంగా కూర్చుని చేసే ఆ పూజను జెమ్ అంటారు. సౌదీలో అది బయటికి చెప్పుకునే పూజ కాదు. నా సూట్‌కేసు మూత లోపల అతికించిన వేములవాడ రాజన్న ఫొటో కూడా చెప్పుకునేది కాదు. ఓసారి పోలీసులు గదులు తనిఖీ చేయడానికి వచ్చినప్పుడు ఉస్తా తాపీగా వచ్చి ఆ సూట్‌కేసు మీదే కూర్చుని, వాళ్లు వెళ్లేదాకా టీ తాగాడు. అందుకే "మా తలుపు దగ్గర కాపలా కూర్చుంటావా?" అని అడిగినప్పుడు కాదనలేకపోయాను.

మా కంపెనీ డ్రైవర్ హైదరాబాదీ. విషయం తెలిసి తల పట్టుకున్నాడు.

"అరే భాయ్, కైకు నీకీ లొల్లి? వాళ్లు దొరికితే వాళ్ల దేశం పోతరు. నువ్వు దొరికితే ఏడికి పోతవో నాకు ఎర్క లేదు."

ఆ పూజకు పన్నెండు రకాల పనివాళ్లు కావాలట. దీపం పెట్టేవాడు, ఊడ్చేవాడు, చేతుల మీద నీళ్లు పోసేవాడు, పంచేవాడు, వాయించేవాడు, తలుపు కాసేవాడు ఇట్లా. ఉన్నది ఏడుగురు. పగలు సైటులో ఒకడు ముగ్గురి పని చేసేది చాలదన్నట్టు దేవుడి దగ్గర కూడా అదే గతి. ఆడవాళ్లు లేని జెమ్ సగం జెమ్ అని ఉస్తా ప్రతివారం బాధపడేవాడు. వాళ్ల ఊళ్లో ఆడా మగా కలిసే కూర్చుంటారట, కలిసే తిరుగుతూ ఆడతారట. వాయించేవాడు ఉస్తా చెల్లెలి కొడుకు, నలభై ఏళ్ల భారీ మనిషి. మూడు జతల తీగలున్న సాజ్ అనే వాద్యం అతనిది. దాని కాడ సామాన్లలో దాచి తెచ్చుకుంటే, డొక్క నేను ప్లైవుడ్డుతో చేసిచ్చాను. మొదటిసారి వాయిస్తే బిందెలో గులకరాళ్లు పోసినట్టుంది. అయినా ఉన్నమాట చెప్పాలి, అతని వేళ్లు ఆడుతుంటే వినబుద్ధయ్యేది. సైటులో అతను ఎలక్ట్రీషియన్. ఫేజుకీ న్యూట్రల్‌కీ తేడా షాక్ కొట్టిన తర్వాతే తెలిసేది.

అన్నిటికన్నా ముందు ఉస్తా ఒక ప్రశ్న అడిగేవాడు. "ఒకరి మీద ఒకరు రాజీగా ఉన్నారా? ఎవరికైనా ఎవరి మీదైనా కడుపులో ఏదైనా ఉంటే లేచి చెప్పండి." రాజీ అంటే లోపల ఏ మూలా కినుక లేకపోవడమట. మూడుసార్లు అడిగేవాడు. అది తేలకుండా దీపం వెలగదు. నేను లోలోపల నవ్వుకునేవాణ్ని. మా ఊరి భజనలో గట్టు తగాదాతో కోర్టుకెక్కిన అన్నదమ్ములు ఒకే చాప మీద కూర్చుని తాళాలు వాయించేవాళ్లు. దేవుడు ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. వీళ్ల దేవుడికి మాత్రం ఇంత పట్టింపేమిటో అనుకునేవాణ్ని.

ఆ రోజుల్లోనే నితాఖాత్ వచ్చింది. సౌదీ సర్కారు ప్రతి కంపెనీకీ ఒక రంగు వేసింది. సొంత దేశపు మనుషులను సరిపడా పెట్టుకున్న కంపెనీ పచ్చ, పెట్టుకోనిది ఎరుపు. మాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే మా కఫీల్, పాపం ఆయన ప్రయత్నం ఆయన చేశాడు. ఇద్దరు బావమరుదులనూ, ఎనభై ఏళ్ల పెదనాన్ననూ కాగితం మీద ఇంజనీర్లను చేశాడు. అయినా ఎరుపే వచ్చింది. ఎరుపు కంపెనీలో ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు, ఇఖామా లేనివాడు మనిషే కాదు. చివరికి ఎనిమిది మందిని తన తమ్ముడి పచ్చ కంపెనీకి మారుస్తానన్నాడు. మిగతావాళ్లందరికీ ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపిస్తారు. ఆ ఎనిమిది పేర్లు రాసే భాగ్యం ఉస్తాకు దక్కింది.

బుధవారం మెస్ గోడకు కాగితం అతికించారు. మొదటి పేరు ఉస్తాదే. మూడో పేరు మేనల్లుడిది. నా పేరు లేదు. కింది నుంచి పైకి కూడా చదివాను, అప్పుడు కూడా లేదు. నా పెద్దకొడుకు అప్పుడు పాలిటెక్నిక్ రెండో ఏడు. ఊరికెళ్లి ఏం చేయాలో నాకు తెలియదు. ఆ మూడో పేరు నాది కానందుకు కాదు, ఆ షాకుల వీరుడిది అయినందుకు నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు గురువారం. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లి గడప పక్కన కూర్చున్నాను. ఉస్తా ప్రశ్న అడిగాడు. రెండోసారి అడిగాడు. మూడోసారి అడుగుతుండగా లేచి నిలబడ్డాను.

తలుపు కాసేవాడు లేచాడంటే పోలీసులు వచ్చారని అర్థం. మేనల్లుడు సాజ్‌ను సిమెంటు బస్తాల వెనక్కి తోసేశాడు.

"పోలీసులు కాదు. నేనే. నాకున్నది కడుపుల," అన్నాను.

టైల్స్ మేస్త్రీ ఒకడు గొణిగాడు. ఇతను మనవాడు కాదు, ఇతని ఫిర్యాదు చెల్లదు అని. ఉస్తా అతణ్ని ఆపాడు. ఆయన మాటలు సగం అరబీ, పావు హిందీ, మిగతాది చేతులు. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

"అతను తలుపు దగ్గర లేకపోతే మనం ఇక్కడ కూర్చోగలమా? గదిలో ఉన్నవాడు మనవాడే."

దుప్పటి మీంచి లేచాడు. ఫిర్యాదు పడ్డవాడు గురువు జాగాలో కూర్చోకూడదట. గది నడిమధ్యకు వచ్చి, కుడి బొటనవేలు ఎడమ బొటనవేలి మీద పెట్టి, తల వంచి నిలబడ్డాడు. పొద్దున నన్ను గాడిద అని తిట్టిన మనిషి! నాకు కాస్త భయమేసింది. కానీ కోపానిదే పైచేయి అయింది.

"ఉస్తా, పన్నెండేండ్ల సంది చేస్తున్న పని. నీ అల్లునికి వైరు కోసుడు రాదు. వానికి జాగ ఉన్నది, నాకు లేదా? నీ దేవుని ముంగట చెప్పు."

ఉస్తా వంచిన తల కాస్త తిప్పి మేనల్లుడి వైపు చూశాడు.

"నిజం," అన్నాడు ఉస్తా. "చెల్లెలి ముఖం చూసి రాశాను. నీ చేతిపని నాకు తెలుసు. తెలిసే తప్పు రాశాను. శనివారానికి నీ పేరు కాగితంలో ఉంటుంది. అప్పుడు రాజీయేనా? నోటితో కాదు, లోపలి నుంచి చెప్పు."

ఆయన మాట పూర్తి కాకముందే "రాజీ" అన్నాను. నా పేరు చేరితే ఎవరి పేరు పోతుందన్నది నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. మేనల్లుడిదే పోతుందనుకుని సంతోషించాను.

దీపాలు వెలిగాయి. ఊడ్చేవాడు మూడుసార్లు చీపురు ఆడించాడు. మేనల్లుడు వాయిస్తుంటే ఇద్దరు మేస్త్రీలు వట్టి కాళ్లతో, చేతులు చాచి, ఒకరినొకరు తాకకుండా గుండ్రంగా తిరిగారు. చివర రొట్టె, ఎండు ద్రాక్ష పంచారు. ఎవరి వాటాతో వాళ్లు రాజీ అని చెప్పేదాకా ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు. నేను అందరికన్నా గట్టిగా చెప్పాను. మళ్లీ అడిగి మరీ తిన్నాను.

శనివారం మధ్యాహ్నం డ్రైవర్ కాగితం కఫీల్ ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

"ముబారక్ భాయ్, నీ పేరు ఎక్కింది. ఉస్తా తన పేరు కొట్టేసుకున్నడు."

"ఎవరి పేరు?"

"ఉస్తాదే! నా కండ్లతోని చూసిన. అరవై ఏండ్లకు ఇగ ఏ దేశపోడు వీసా ఇస్తడు ఆయనకు? పాగల్ ముసలాయన."

సైటుకు పరుగెత్తాను. ఆయన మెట్ల దగ్గర లెవెల్ చూస్తున్నాడు.

"అల్లుని పేరు కొట్టెయ్యాలె గద ఉస్తా! నీది ఎందుకు?"

"తప్పు రాసిన చెయ్యి నాది. వాడిది కాదు."

"గట్లయితే నేను రాజీ కాను. వాపస్ తీసుకుంటున్న."

"అది జెమ్‌లో చెప్పాలి."

"గురువారం చెప్త."

"గురువారం జెమ్ లేదు. నడిపించేవాడు వెళ్లిపోతున్నాడు," అని మళ్లీ లెవెల్ మీదికి వంగాడు.

ఇక్కడ నా గొప్పతనం గురించి కూడా చెప్పాలి. అంత ఆవేశపడ్డవాణ్ని, కఫీల్ ఆఫీసుకు వెళ్లి నా పేరు తీసెయ్యమన్నానా? అనలేదు. ఆఫీసు నడిచి వెళ్లేంత దూరమే. రోజూ రేపు వెళ్దాం అనుకున్నాను. నాలుగు రోజులు అలాగే గడిచాయి, ఆయనకు ఎగ్జిట్ వచ్చేసింది. నాకు సిగ్గుగానే ఉండేది. సిగ్గుపడుతూనే కొత్త ఇఖామా కోసం ఫొటో దిగాను.

ఆయన వెళ్లే పొద్దున పికప్ దాకా సంచి నేనే మోశాను. మేనల్లుడు ఏడుస్తూ వెనక నిలబడ్డాడు. నేను సంచి దించకుండానే అడిగాను.

"ఉస్తా, నా మీద రాజీయేనా?"

ఇలాంటప్పుడు మనవాళ్లయితే ఏమంటారో తెలుసు. అయ్యో అదేం మాట, నువ్వు చల్లగుండాలె అంటారు. నేను కూడా దాని కోసమే అడిగాను. ఆయన సంచి కింద పెట్టించి, నా ముఖంలోకి చూసి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఇంకా కాలేదు," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "అయిందని అంటే అబద్ధం అవుతుంది. అయినరోజు ఫోన్ చేస్తాను. మీ ఇంటి సెల్ నంబరు రాసివ్వు."

సిమెంటు బస్తా కాగితం చింపి నంబరు రాసిచ్చాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

ఆ పచ్చ కంపెనీలో ఇంకో ఆరేళ్లు పనిచేశాను. తర్వాత సర్కారు బయటి దేశపు పనివాళ్ల మీద తలకింత అని లెవీ వేస్తే, పచ్చ కంపెనీకి కూడా మేం బరువయ్యాం, నన్నూ ఇంటికి పంపారు. ఇప్పుడు ఊళ్లోనే తలుపులు, కిటికీలు చేసుకుంటున్నాను. ఉస్తాకు రాసిచ్చిన ఆ నంబరుకు ఇంట్లో సిగ్నల్ దొరకదు, కొత్తది తీసుకొమ్మని కొడుకులు నెత్తిన కూర్చున్నారు. మార్చలేదు. ఆయనకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. ఫోన్ ఇంకా రాలేదు.