వంతెన నాణెం

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని అందరూ లిఫ్టాయన అనేవారు. ఇంట్లో ఉన్నంతసేపూ బీరువా తీయడం, చూడడం, మూయడం. అందులో వెండి స్మారక నాణేలుండేవి. ఒక్కోటీ అసలైనదేనన్న చీటీతో ప్లాస్టిక్ డబ్బాలో సీలై ఉండేది. డబ్బా విప్పితే ఆ ధ్రువీకరణ చెల్లదు. అందుకే ఏ నాణేన్నీ వేలితో ముట్టి ఎరగడు.

వంతెన నాణెం కోసం తొమ్మిదేళ్లు తిరిగాడు. ఊళ్లో నది మీద వంతెన కట్టినప్పుడు విడుదల చేసింది అది. వాళ్ల నాన్న ఆ వంతెనకు వెల్డింగ్ చేశాడు. నాణెం దొరికిన రోజు చెప్పులైనా విప్పకుండా అక్క గదిలోకి పరిగెత్తాడు. అక్కకు చూపు పోయి నాలుగేళ్లు.

ఆవిడ డబ్బాని అటూ ఇటూ తడిమింది. "ఇది ప్లాస్టిక్కు. నాణెమేదిరా?"

"లోపలుందక్కా. తీయకూడదు."

"మరి నాకెందుకు తెచ్చావు?"

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు ఏ నట్టు బిగించాడో గుర్తులేక ఒకే లిఫ్టు రెండుసార్లు విప్పాడు. అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు.

"కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటి? ఏదో ఒకటి తేల్చేయండి!" అని భార్య విసుక్కుంది.

ఆదివారం పొద్దున్నే కటింగ్ ప్లేయరుతో డబ్బా అంచు విరిచాడు. టప్పుమని ఊడింది. నాణేన్ని అక్క అరచేతిలో పెట్టాడు.

ఆవిడ బొటనవేలు మెల్లగా కదిలింది. "ఇవిగో స్తంభాలు. ఒకటి, రెండు..." ఆగి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. "ఆరేరా! నాన్న ఏడనేవాడు. ఏడోదాని దగ్గరే కదా చెయ్యి కాల్చుకున్నాడు."

లిఫ్టాయన మరి నిలవలేకపోయాడు. స్కూటరు తీసి నది ఒడ్డుకు పోయి, ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. ఏడు. చెక్కినవాళ్లే ఒకటి మింగేశారు.

విని అక్క పడీపడీ నవ్వింది. "తప్పుల నాణేనికి సర్టిఫికెట్ ఎవరిచ్చార్రా?" నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నాన్న మాటే నిజం."

నాణెం ఆవిడ దగ్గరే ఉండిపోయి, తడిమి తడిమి నల్లబడింది. తోటి సేకర్తలు లిఫ్టాయన్ని నానా మాటలూ అన్నారు. ఆయనకవేవీ పట్టలేదు. మిగతా నాణేల మీద కొత్తగా అనుమానం పట్టుకుంది. మరుసటి ఆదివారం గడియార స్తంభం నాణెం డబ్బా కూడా విరిచి, అక్కను స్కూటరెక్కించుకుని ఆ స్తంభం దగ్గరికి బయల్దేరాడు. అంతస్తులూ కిటికీలూ ఆయన పైకి చదువుతుంటే ఆవిడ నాణెం మీద సరిచూసింది. అన్నీ సరిపోయాయి. అక్కకు కాస్త నిరాశే.