కౌసల్య కాంటా, రాములు రేడియో

అమీన్‌పూర్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల గేటు ముందర కూరగాయల బండి పెట్టే కౌసల్యతో బేరమాడి గెలిచిన వాళ్లు లేరు. "బెండకాయ మెడ విరిసి సూస్తున్నవ్, నీ మెడ విరుస్తే ఊకుంటవా అమ్మా?" అంటుంది. అంత నోరున్న మనిషి కొన్నాళ్లుగా ఇంట్లో పిల్లిలా తిరుగుతోంది. కారణం రేడియో.

ఆమె పెనిమిటి రాములు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో బట్టీ ముందు పనిచేసి రిటైరయ్యాడు. చూపు పోయాక, సాయంత్రం రేడియోలో వచ్చే వ్యవసాయం ముచ్చట్లే అతని లోకం. తడిమితే స్టేషన్ దొరకాలని కౌసల్య తన రాయి బొట్టుబిళ్ల ఒకటి తిప్పే గుండీకి అంటించింది. బిళ్ల పైకొచ్చి బొటనవేలికి తగిలితే స్టేషన్ వచ్చినట్టే. ఆ పాత రేడియో ఓ సాయంత్రం మాట మధ్యలో ఆగిపోయింది. మెకానిక్ చేతులెత్తేశాడు. అప్పటి నుంచి రాములు రెండు ముద్దలు తిని గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

కోడలు చంద్రిక కొత్తది తెచ్చింది. దానికి నంబర్లు నొక్కాలి. ఎలాగని కోడలిని అడిగితే చిన్నతనం. ఆమె డ్యూటీకి పోయాక కౌసల్య తనే దాని ముందు కూర్చుంది. పాత రేడియో ముల్లు ఆగిన చోటే ఉంది, ఎవరినీ ముట్టనివ్వలేదు. 0.7 దాటి నాలుగో గీతకు కొంచెం ఇవతల. ముందున్న సున్నాకేం విలువని వదిలేసి ఏడు, నాలుగు నొక్కింది. రేడియో కుయ్యిమని ఊరుకుంది. మళ్లీ నొక్కినా అంతే.

"దొరికిందానే?" గోడ వైపు నుంచి రాములు అడిగాడు.

"దొరుకుతది తీ. నీకు పెండ్లిపిల్ల దొరికినంత ఆలస్యం గాదు." నోరు అలా అన్నది గాని కళ్లు నిండాయి.

సాయంత్రం కోడలు గడప దాటకముందే ఎదురెళ్లింది. "ఖరాబుది తెచ్చినవ్ పిల్లా."

చంద్రిక రెండు రేడియోలూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఖరాబు గాదత్తమ్మా. పాతదాంట్ల మెగాహెర్ట్జ్‌లు రాసున్నయ్. కొత్తది కిలోహెర్ట్జ్‌లు అడుగుతుంది. నీ కాంటా మీద 0.740 అని పడితే ఏమంటవ్?"

"ఏడు వందల నలభై గ్రాములంట."

"కిలోకు వెయ్యి గ్రాములు. మెగాకు వెయ్యి కిలోలు. గదే లెక్క."

"దినాం తూచేదాన్ని, నాకే తట్టకపాయె," అని కౌసల్య ఏడు, నాలుగు, సున్నా నొక్కింది. గరగర మధ్య ఎవరో మాట్లాడుతున్నారు. ముల్లు గీతకు ఇవతల ఉన్నది గుర్తొచ్చి కొంచెం వెనక్కి నొక్కింది. 738 దగ్గర గరగర పోయి, వరినారు గురించి చెప్పే గొంతు గదిలో తేటగా వినిపించింది.

రాములు లేచి కూర్చున్నాడు. చేయి చాచి కొత్త రేడియోను తడిమాడు. అన్నీ ఒకే తీరు గుండీలు. "మీరు లేనప్పుడు నేనెట్ల పెట్టుకోవాలె?" అన్నాడు మెల్లగా.

చంద్రిక ఆ స్టేషన్‌ను ఒక గుండీ మీద కుదిర్చింది. పాత బిళ్లను గీకి చూస్తే జిగురు లేదు. కౌసల్య తన నుదుటిది తీసి ఆ గుండీ మీద అద్ది, అతని బొటనవేలు పట్టి దాని మీద పెట్టింది.

"దొరికిందా?"

"దొరికింది," అన్నాడు రాములు. "ఇగ అన్నం పెట్టు. నీ ముచ్చట్లకు వరినారు సంగతి ఇనపడ్తలేదు."