రుక్మిణమ్మ సిస్టర్ గారి దీర్ఘం

మొన్న మంగళవారం ఉదయం ఆఫీసు బస్సు సర్జాపుర రోడ్డు మీద ఆగిపోయి ఉండగా రుక్మిణమ్మ గారి అమ్మాయి గిరిజ ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ పోయినాది" అంది. నేను "యాడికి?" అని అడిగాను.

ఆ ప్రశ్న అడిగినందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు. గిరిజ వాళ్లది పాత బెంగళూరు తెలుగు. అమ్మ కూరగాయలకు వెళ్లినా, గుడికి వెళ్లినా, పక్కింటికి వెళ్లినా వాళ్లింట్లో "పోయినాది" అనే అంటారు. ఏడేళ్ల రాకపోకల్లో ఆ మాట నాకు ఎంత అలవాటైపోయిందంటే, మా ఏలూరు వైపు ఒక పెద్దావిడ గురించి ఒట్టి ఆ మాట అంటే ఏమిటో ఆ క్షణంలో తట్టలేదు. గిరిజ, "కాఫీ తాగినాదన్నా. లోటా కింద పెట్టి కుర్చీలో అట్లే ఒరిగిపోయినాది. డాక్టరు వచ్చి చూసి పోయినాడు" అంది. "అలాగా" అన్నాను. ముందు సీటులో ఒకాయన డబ్బా తెరిచి ఇడ్లీ తింటున్నాడు. ఆయన చివరి ముక్క తినేదాకా నేను ఆ డబ్బానే చూస్తూ కూర్చున్నాను.

శ్రీమతి రుక్మిణమ్మ గారు దివంగతులయ్యారు. ఈ వాక్యం రాయగలుగుతున్నాను గాని దుఃఖం ఇంకా నా దాకా రాలేదు. వస్తుందనే అనుకుంటున్నాను.

ఈ నగరంలోని ఒక ఆసుపత్రిలో, నవజాత శిశువుల అత్యవసర విభాగంలో ఆమె వృత్తిజీవితం సమస్తం గడిచింది. నెల నిండని ప్రాణులకు ఆమె చేసిన శుశ్రూషను ఆ ప్రాణులెవరూ స్మరించలేరు. వాళ్లకు ఆమె ముఖం కూడా గుర్తుండదు. కాబట్టి ఆ బాధ్యత తల్లిదండ్రుల మీద పడింది. వాళ్లలో తెలుగు తప్పొప్పులు చూడటమే వృత్తిగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి చివరికి నా మీద పడింది. ఫోనులో మీరు తెలుగు రాస్తున్నప్పుడు తప్పు పదం కింద ఎర్రగీత వస్తుంది చూడండి, ఏది తప్పో ఏది ఒప్పో తేల్చే ఆ పదాల పట్టిక తయారుచేసేవాళ్లలో నేనొకణ్ణి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

రుక్మిణమ్మ గారి పూర్వులు ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చారో ఆమెకే తెలియదు. నగర్తపేటలో వాళ్ల నాయనకు జరీ అంచులు నేసే మగ్గం ఉండేది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. అందువల్ల ఈ వ్యాసం ఆమె జీవించి ఉండగా రాసినా నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. రెండు వాక్యాలు విని, "ఇదేమి తెలుగప్పా, మంత్రాల మాదిరి ఉండాది" అని లేచిపోయేవారు.

మా అబ్బాయి ఆరోగ్యంగా పుట్టాడు. మూడో రోజు పాలు తాగడం మానేశాడు. ఒళ్లు చల్లబడింది, పెదవులు రంగు మారాయి, లేపితే లేవలేదు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఏదో కాగితం మీద సంతకం పెట్టాను. నా భార్య సుజాతకు ఆపరేషన్ కుట్లు ఆరలేదు, ఆమె కింది అంతస్తు గదిలో. బిడ్డ పై అంతస్తులో గాజు తలుపుల వెనక. నేను మెట్ల మీద. పదహారు రోజులు మా ముగ్గురి చిరునామాలు అవే.

అక్కడ పిల్లలకు పేర్లుండవు. కాలికి కట్టిన పట్టీ మీద 'బేబీ ఆఫ్ సుజాత' అని ఉంటుంది, అంతే. రుక్మిణమ్మ గారికి ఆ పద్ధతి నచ్చేది కాదు. "పిలిచేదానికి ఏదో ఒకటి ఉండాలప్పా, అప్పుడే మన దిక్కు తిరుగుతారు" అని వచ్చిన ప్రతి శిశువుకూ తనే ఒక పేరు పెట్టుకునేవారు. గుండ్రంగా ఉన్నవాడు గుమ్మడప్ప. ఎప్పుడూ చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకునే ఆడపిల్ల సిగ్గమ్మ. మావాడు ఒంటికి తగిలించిన తీగలన్నీ కాళ్లతో తన్ని ఊడదీశాడని వాడికి మేస్త్రి అని పేరొచ్చింది. వాడు తన్నింది ఒకే ఒక రోజు. ఆ తర్వాత కదల్లేదు. అయినా ఆమె వాణ్ణి మేస్త్రీ అని పిలవడం మానలేదు.

ఏడ్చే పిల్లల దగ్గరికి ఆమె నింపాదిగానే వెళ్లేవారు. కొత్తగా చేరిన నర్సు ఒకసారి అదేమిటని అడిగితే, "ఏడ్చేవానికి దమ్ముండాది కదమ్మా. గమ్మున పడుకున్నోణ్ణి ముందు చూడు" అని చెప్పడం నేను తలుపు దగ్గర విన్నాను. ముట్టుకునే ముందు రెండు అరచేతులూ రుద్ది, తన మెడకు ఆనించి వెచ్చదనం చూసుకునేవారు. ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టంతో పాలు పట్టేటప్పుడు సిరంజిని పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడేవారు. "తోయకూడదు, దానంతట అదే దిగాల" అనేవారు. నాలుగు చుక్కల కోసం ఎంతసేపైనా ఆ కుడి చెయ్యి అలాగే గాలిలో ఉండేది. అద్దంలోంచి చూసేవాళ్లకు ఆమె ఎవరినో ఆగమంటున్నట్టు కనిపించేది.

ఒక తాతగారు విభూతి పొట్లంతో వచ్చి మనవడి నుదుట పెట్టి తీరాలని గొడవ పెట్టుకున్నారు. లోపలికి అలాంటివి తేకూడదని కుర్ర డాక్టరు ఎంత చెప్పినా వినలేదు. రుక్మిణమ్మ గారు బయటికొచ్చి, పొట్లం విప్పి, చిటికెడు తీసి తన నుదుటికే పెట్టుకుని, పైన టోపీ సర్దుకున్నారు. "వాని కోసరం నేను పెట్టుకొంటిని. వాని పక్కనే ఉంటా. సాలా తాతా?" అన్నారు. ఆ సంగతి పాకి, తర్వాత తాయెత్తులు తెచ్చినవాళ్లూ, ప్రార్థన చేసిన నూనె తెచ్చినవాళ్లూ ఆమె కోసమే అడగడం మొదలుపెట్టారు. ఎవరినీ కాదనలేదు. ఆ టోపీ కింద ఎంతమంది దేవుళ్లు సర్దుకుని ఉండేవారో ఆమెకే తెలియాలి.

ఇక ఆరో రోజు సంగతి. ఆ మధ్యాహ్నం తలుపు కాస్త తెరుచుకుంటే పరుగెత్తి, "ఎలా ఉన్నాడు సిస్టర్?" అని అడిగాను. మాస్కు వెనక నుంచి ఆమె ఒక్క మాట అన్నారు. అప్పుడే లోపల ఏ బిడ్డను ఉంచిన గాజు పెట్టెదో బెల్లు మోగింది, ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. నాకు వినిపించింది, "ఉండడప్పా".

ఉండడు. బతకడు.

ఆమె అన్నది "ఉండాడప్పా". ఉన్నాడు, బతికే ఉన్నాడు అని. వాళ్ల తెలుగులో అదే మాట. మా వైపు ఆ మాట లేదు. లేకపోవడమే కాదు, మా అబ్బాయి పుట్టడానికి కొన్ని నెలల ముందు నేనే మా పట్టికలో 'ఉండాడు' పక్కన తప్పు అని గుర్తు పెట్టి, దానికి సవరణగా 'ఉండడు' అని రాశాను. కంప్యూటరుకు నేర్పిన పాఠం నా చెవి కూడా నేర్చుకుంది కాబోలు. ఒక దీర్ఘం తీసేసి, మాటను నాకు తెలిసిన తెలుగులోకి దిద్ది, నా చేతిలో పెట్టింది.

కిందికి వెళ్లాను. సుజాత మంచం మీద కూర్చుని నవ్వుతోంది. అంతవరకు ఆమెకు పాలు చుక్కలుగానే వచ్చేవి, దూదితో బిడ్డ నోట్లో రాయడానికే సరిపోయేవి. ఆ రోజు మొదటిసారి చిన్న సీసాలో పాలు కనిపించేంత వచ్చాయి. "చూడండి ఎన్ని వచ్చాయో! త్వరగా పైకిచ్చేసి రండి, డాక్టర్ గారు ఈ రోజు ఫీడ్ మొదలుపెట్టొచ్చన్నారంట" అంది. నేను సీసా తీసుకున్నాను. వరండా చివర చేతులు కడుక్కునే చోట ఆ పాలు పారబోశాను. కుళాయి తిప్పి సీసా కూడా శుభ్రంగా కడిగాను. ఎందుకు కడిగానో తెలియదు. ఏడవలేదు. మెట్ల మీద కూర్చుని, ఖాళీ సీసా చేత్తో పట్టుకుని, సుజాతకు ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ ఉన్నాను.

ఎంతసేపటికో రుక్మిణమ్మ గారు వెతుక్కుంటూ వచ్చారు. "ఏమప్పా, ఈడ కూసోనుండావు? పాలు యాడ? ఈ పొద్దు పట్టమన్నాడు డాక్టరు."

"ఉండడన్నారుగా సిస్టర్."

"ఎవురన్నది?"

"మీరే."

ఆమె మాస్కు కిందికి లాగారు. నేను ఆమె ముఖం పూర్తిగా చూడటం అదే మొదలు. "ఉండాడంటిని కదప్పా! ఉం...డా...డు!" అని, నాకింకా అర్థం కాలేదని చూసి, "బిడ్డ ఉండాడు. బాగుండాడు. కళ్లు తెరిచినాడు" అన్నారు. అప్పుడు నా చేతిలో సీసా చూశారు. దాని అంచున ఇంకా నీటి చుక్కలున్నాయి. ఆమె సీసా తీసుకుని, "స్వల్ప ఈడనే ఉండు" అని నన్ను అక్కడే వదిలేసి తనే మెట్లు దిగి సుజాత దగ్గరికి వెళ్లారు.

సుజాతతో ఏమన్నారో తర్వాత సుజాతే చెప్పింది. "నీ కొడుకు ఇంకా కావాలంటాండాడమ్మా, మేస్త్రి కదా, సాలలేదంట. ఇంకా స్వల్ప పిండు" అన్నారట. ఆ సాయంత్రం అద్దంలోంచి చూశాను. ఆ చెయ్యి పైకి లేచి ఉంది. సిరంజిలో పాలు దిగడం అంత దూరం నుంచి కనిపించదు. చెయ్యి కిందికి దించినప్పుడు అయిపోయిందని తెలిసింది.

మరునాటి నుంచి ఇంటికి పంపే రోజు దాకా, నన్ను చూడగానే వరండా అంతా వినిపించేలా "ఉండా...డప్పా!" అని దీర్ఘం తీసి చెప్పేవారు. మిగతా తండ్రులకు అది తమాషాగా ఉండేది. నేను సెలవు ముగించి ఆఫీసుకు మళ్లీ వెళ్లిన రోజే పట్టికలో ఆ తప్పు గుర్తు తీసేశాను. ఇప్పుడు మీరు 'ఉండాడు' అని రాస్తే ఎర్రగీత రాదు. నా ఉద్యోగంలో నేను చేసిన మంచిపని ఏదంటే ఇదొక్కటే చెప్పగలను.

పాల సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. ప్రతి పుట్టినరోజుకీ వాణ్ణి నగర్తపేటలో ఆమె ఇంటికి తీసుకువెళ్లేవాళ్లం. పదవీ విరమణ తర్వాత ఆమె కుడి భుజం పట్టేసింది, చెయ్యి చెవి పైకి లేచేది కాదు. ఎడమ చేత్తోనే వాడి మడమ పట్టుకుని సూది మచ్చలు వెతికేవారు. సుజాత ప్రతిసారీ అదే కథ చెప్పేది. తనకు మొదటిసారి పాలొచ్చిన రోజున, ఏ చలనమూ లేని బిడ్డ, ఆ పాలన్నీ తాగి ఇంకా కావాలని అడిగాడట. బంధువులకు చెప్పింది, స్కూల్లో టీచరుకు చెప్పింది, వాడికీ చెప్పింది. ఆ పదహారు రోజుల్లో తనకు దక్కిన ఒకే ఒక్క సంతోషం అది. రుక్మిణమ్మ గారు వింటూ నా వైపు చూడకుండా, "వాడు అడిగినాడు, నేను చెప్పితిని, అంతే కదమ్మా" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

మంగళవారం మధ్యాహ్నం ఆమెను ముందు గదిలో పడుకోబెట్టి ఉంచారు. కింది దుకాణాల వాళ్లు షట్టర్లు సగం దించారు. అందరూ పాదాల దగ్గర పూలు పెడుతుంటే నేను కుడి చేతి పక్కన పెట్టాను. ఏదైనా మాట్లాడాలనుకున్నాను. మేమిద్దరం మాత్రమే ఎరిగిన విషయం ఒకటుండేది. ఇక నేనొక్కణ్ణే. ఆ విషయం ఇంత బరువని అప్పటిదాకా తెలియదు, ఎందుకంటే మోస్తున్నది ఆమె.

ఆమె గురించి రాస్తూ ఆ మధ్యాహ్నం వదిలేస్తే ఆమె గురించి రాసినట్టే కాదు. నోటితో చెప్పే ధైర్యం లేక, ఇక్కడిదాకా రాసిన కాగితాలు నిన్న సాయంత్రం సుజాత ముందు పెట్టాను. ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని చదివింది. ఒక పేజీ దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి చదివింది. నేను ఎదురుగా నిలబడ్డాను.

"ఎన్ని పారబోశారు?" అని అడిగింది.

"గుర్తులేదు. ముప్పై ఎమ్మెల్ ఉంటాయేమో."

"ముప్పై రెండు. సీసా మీద గీత చూశాను." మళ్లీ ఆ పేజీ తిప్పింది. "రెండోసారి ఆరే వచ్చాయి. వాడికి పట్టింది ఆ ఆరేనా?"

అవునన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె కాగితాలు సర్ది బల్ల మీద పెట్టి, అరచేత్తో వాటిని అదిమి పట్టుకుంది.

"అయితే ఆరు వాడికేం చాలతాయి?" అంది. "అడిగే ఉంటాడు. ఆవిడ అబద్ధం చెప్పలేదు."

ఆ తర్వాత లేచి పొయ్యి మీద అన్నం చూడటానికి వెళ్లింది. నాతో ఈ రోజు ఉదయం దాకా మాట్లాడలేదు.

రుక్మిణమ్మ గారి వంటి మనిషి మళ్లీ పుడతారో లేదో నాకు తెలియదు. ఎక్కడో ఒక తలుపు వెనక ఇప్పుడు కూడా ఎవరో ఒక చెయ్యి పైకెత్తి నిలబడి ఉండవచ్చు. అది ఆమె చెయ్యి కాదు. నివాళిగా సమర్పించడానికి నా దగ్గర పెద్ద మాటలేవీ లేవు. ఆమె రోజూ నాకు చెప్పిన మాటే, ఆమె పలికినట్టే, దీర్ఘంతో సహా తిరిగి చెబుతున్నాను. సిస్టర్, మేస్త్రి పక్క గదిలో ఎక్కాలు చదువుకుంటున్నాడు. ఉండాడు.