పిలవని మాస్టారు

మా మాస్టారు ఎవరినీ పిలవరు. అదీ ఆయన జబ్బు. నోరు లేక కాదు, కీమోకైన్ల మీద మొదలుపెడితే గంటన్నర ఏకధాటిగా చెప్పగలరు. కానీ "ఒకసారి ఇలా రా" అన్న మాట ఆయన నోట నేను ఏనాడూ వినలేదు. అందుకే డిపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్ళు మా ల్యాబుకి పిలవని పేరంటం అని పేరు పెట్టారు.

ఆ జబ్బు ఆయనకు సబ్జెక్టు నుంచే అంటుకుంది. ఒంట్లో ఎక్కడైనా ముల్లు గుచ్చుకుంటే అక్కడి కణాలు కీమోకైన్లనే బుల్లి ప్రొటీన్లను వదులుతాయి. అవి ముల్లు దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా పరుచుకుంటాయి. తెల్ల రక్తకణం పొరలో వాటిని పట్టుకునే రిసెప్టర్ ఉంటుంది. సూదీ దారంతో కుట్టినట్టు అది పొరను ఏడుసార్లు దాటి ఉంటుంది. కీమోకైన్ వచ్చి బయటి కొసను పట్టుకోగానే లోపలి కొసకు కబురు అందుతుంది, కణం చిక్కదనం ఎటుంటే అటు నడుస్తుంది. "చూశావా, ఎవరూ చెయ్యి పట్టుకుని లాగలేదు. దానంతట అదే వచ్చింది. మర్యాదంటే అదీ," అనేవారు మాస్టారు.

ఆ మర్యాద మనుషుల దగ్గరా పాటించేవారు. స్టోర్ కీపర్ కావాలంటే వరండాలో కాఫీ ఫ్లాస్కు మూత తీసి పెట్టేవారు. డైరెక్టర్ గారు కావాలంటే గదిలో ఒక్కరే కూర్చుని పగలబడి నవ్వేవారు. తను లేకుండా ఎవరైనా నవ్వితే డైరెక్టర్ గారికి అన్నం సయించదు, రెండు నిమిషాల్లో గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవారు. ఇంట్లో భార్య కావాలంటే పొయ్యి మీద పాలు పెట్టి మంట పెంచేవారు. ఆవిడ పరుగెత్తుకొస్తే తీరిగ్గా "నా కళ్ళజోడు చూశావా" అని అడిగేవారట. కళ్ళజోడు దొరికేది, పాలు మాత్రం పొయ్యి పాలయ్యేవి.

నేను ఆయన దగ్గర రీసెర్చి చేసేదాన్ని. కోపం నా ముక్కు మీదే ఉండేది, ఎవరి రాతలో తప్పు కనబడినా చెయ్యి దురద పెట్టేది. అలాంటిదాన్ని, పప్పులో కాలేశాను. మా ప్రయోగం పళ్ళేనికి పైనొక గది, కిందొక గది, మధ్యలో చిల్లుల పొర ఉంటాయి. కణాలు పై గదిలో వేసి, కీమోకైన్ కింద మాత్రమే పోయాలి. నేను పరధ్యానంలో రెండు గదుల్లోనూ పోశాను. రెండు వైపులా ఒకే చిక్కదనం ఉంటే పాపం కణం ఎటని వెళ్తుంది? ఉన్నచోటే తచ్చాడింది. నేనేమో ఈ రిసెప్టర్ ఆ కీమోకైన్‌ను గుర్తుపట్టదని గొప్పగా రాసిచ్చాను. మాస్టారు నా మాట నమ్మి దాన్ని ప్రాజెక్టు కమిటీ ముందు పెట్టారు.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఒకే ప్రశ్న అడిగాడు. "పై గదిలో ఏం పోశారు?"

అప్పుడు వెలిగింది నాకు. మాస్టారు నా ముఖం ఒక్కసారి చూసి లేచారు.

"ఆ రోజు పోసింది నేనేనండీ. రెంటిలోనూ పోశాను."

హాలంతా నవ్వింది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నాయన, మొదటి నెల విద్యార్థి చేసే తప్పు చేశాడని. ఆ వారమే ప్రాజెక్టు ఆయన చేతుల్లోంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. నేను నోరు విప్పలేదు. విప్పితే నా డిగ్రీ గంగలో కలుస్తుందని భయం. సిగ్గులేకుండా నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

పిలిచి నాలుగు చీవాట్లు పెడతారని ఎదురుచూశాను. పిలవలేదు. ఆయన ఎవరినీ పిలవరని తెలిసీ, నా మీద కోపం కాబట్టే పిలవలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. డిగ్రీ చేతికి రాగానే నాలుగు గంటల బస్సు దూరంలో ఉద్యోగం చూసుకున్నాను.

మరుసటి ఏడు పోస్టులో ఒక కవరొచ్చింది. ఉత్తరం ముక్క లేదు, మాస్టారు రాస్తున్న పుస్తకంలో ఒక అధ్యాయం మాత్రం ఉంది. తెరవగానే ఒళ్ళు మండింది. రిసెప్టర్ పొరను ఆరుసార్లు దాటుతుందట! ఎర్ర పెన్నుతో ఏడు అని దిద్ది తిప్పి పంపాను. ఆ పైయేడు వచ్చిన దాంట్లో కణాలు చిక్కదనం వదిలి పలచన వైపు నడిచాయి. ఇంకో ఏడు కీమోకైన్ల కుటుంబాలు తారుమారయ్యాయి. ప్రొటీను దండలో సిస్టీన్లనే పూసలు మొదటి రెండూ పక్కపక్కనే ఉంటే ఒక కుటుంబం, మధ్యలో ఇంకేదో దూరితే వేరే కుటుంబం అని నాకు నేర్పింది ఆయనే. మనిషికి మతి తప్పుతోందని జాలిపడ్డాను. పదకొండేళ్ళు దిద్దాను, పదకొండేళ్ళూ పోస్టులోనే పంపాను. ఒక్కసారి బస్సెక్కి ఉంటే నా సొమ్మేం పోయేది?

పన్నెండో ఏడు కవరు రాలేదు. నెల చూసి ఫోన్ చేశాను. మాస్టారు పోయి రెండు నెలలైందని వాళ్ళావిడ చెప్పారు. అప్పుడు ఎక్కాను బస్సు.

అమ్మగారు నన్ను ఆయన బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చెప్పాల్సింది వినాల్సినాయన లేనప్పుడు నోరు పెగిలింది.

"అమ్మగారూ, ఆ రోజు పోసింది ఆయన కాదు. నేను."

"తెలుసమ్మా. ఆ సాయంత్రమే చెప్పారు. పిలిచి మాట్లాడమన్నాను. పిలిస్తే తలొంచుకుని వస్తుంది, అది రావడం కాదన్నారు."

మిగతా శిష్యులకు పంపిన అధ్యాయాలు శుభ్రంగానే ఉండేవట. నాది మాత్రం ముందు సరిగ్గా రాసి, ఆ తర్వాత పనిగట్టుకుని పాడుచేసేవారట. తప్పు చూస్తే ఆ పిల్ల ఆగలేదు, పోట్లాటకైనా వస్తుంది అని మురిసిపోయేవారట. కవరు తిరిగొస్తే ఎర్ర గీతలు చూసి నవ్వుకుని, "ఈసారి ఇంకాస్త పెద్ద తప్పు పెట్టాలి" అనేవారట. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను కూడా.

అమ్మగారు వ్రాతప్రతి మొత్తం తెచ్చి నా ముందు పెట్టారు. అచ్చుకి ఇవ్వాలట. మంచి పేజీలూ పాడుచేసినవీ అందులో కలిసిపోయి, ఏ పేజీలో ఏం పాడుచేశారో ఆవిడకు తెలియదట. అప్పట్నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కుతున్నాను. నేను దిద్దుతుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని మాస్టారి గురించి చెబుతారు.

నిన్న ఆఖరి పేజీ కూడా అయిపోయింది. పెన్ను మూత పెడుతుంటే అమ్మగారు అడిగారు.

"ఇంకా ఏమైనా తప్పులు మిగిలాయా?"

"బోలెడున్నాయండీ," అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను. వచ్చే ఆదివారం కాస్త పెందలాడే రా," అన్నారావిడ.