గుంట పూడ్చిన గదికి ఫ్రెంచి పేరు

మార్కులు బాగా పడతాయని మా అమ్మాయి ఇంటర్‌లో ఫ్రెంచి తీసుకుంది. ఈ రోజు సెలవు కదా, పొద్దుటి నుంచి ఇంటినిండా చీటీలు అంటించింది. తలుపు మీద పోర్త్, కిటికీ మీద ఫెనెత్ర్, వంటింటికి క్విజీన్.

ముందు గదిలో మొన్న ఎండాకాలం దాకా మా మగ్గం ఉండేది. గద్వాల చీరలు నేసిన మగ్గమే. దాన్ని తీసేసి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట పూడ్చి, బండలు పరిపించాం. ఆ గది గోడకు సెజూర్ అని అంటించింది. అంటే కూర్చునే గది అట. నేను చాయ్ గ్లాసుతో గోడ వారగా వస్తుంటే ఆపింది.

“మగ్గం లేదు కదమ్మా. నడిమిట్లకెళ్లి రా.”

“కాళ్లకు తెల్వదు బిడ్డా,” అన్నాను.

సాయంత్రం వాళ్ల నాన్న బట్టల దుకాణంలో పని ముగించుకుని వచ్చాడు. చీటీ వైపు చూడకుండా గోడ వారగానే లోపలికి పోయాడు.

ఇప్పుడు అమ్మాయి అదే గదిలో తిరుగుతూ సెజూర్, సెజూర్ అని బట్టీ పడుతోంది. తనూ గోడ వారగానే తిరుగుతోంది.

లేని వస్తువుకు మీ ఇంట్లోనూ ఇలా చోటు వదులుతారా, లేక మేమేనా?