నాయకుని జీపు

పోలీసాయన నీళ్లు తాగి చెంబు తిరిగిచ్చేలోపే ఆ మాట నా నోట్లోంచి వచ్చేసింది. ఇన్నేళ్లు దాన్ని మోశాను. మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మా మేనమామ కొడుకు దావీదుకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. కొత్త యుద్ధవిమానం తయారుచేసే చోట. డిప్లొమా చదివిన మా బావ దాని రెక్కల పనిలో చేరతాడు. ఆకాశంలో పోరాడేదీ, నేల మీద బాంబులేసేదీ ఒకటే విమానమట. "మన ఊరోళ్ల మాదిరే బావా, పొద్దున సేద్యం, మాపిటికి బాంబులు" అంటే పడీపడీ నవ్వాడు. నవ్వి, మళ్లీ బెంగళూరు కబుర్లలో పడ్డాడు. ఆ కబుర్లలో నేను ఎక్కడా లేను. పోతే తిరిగొస్తాడా? నన్ను చేసుకుంటానని ఎప్పటికైనా అడుగుతాడా?

ఆ వారంలోనే, ఉద్యోగంలో చేరేముందు మనిషి ఎలాంటివాడో విచారించడానికి జమ్మలమడుగు నుంచి పోలీసాయన వచ్చాడు.

"ఎట్లాంటోడు పాపా మీ బావ? పార్టీ గీర్టీ ఏమన్నా ఉండాదా?"

"మంచోడే సార్. అప్పుడప్పుడు మా నాయకుని జీపులో పోతాంటాడు, అంతే."

"అంతేనా?" అని ఆయన నవ్వాడు.

బావ ఆ జీపెక్కింది ఒక్కసారే. వాళ్లమ్మకు ఊపిరాడక, వేరే బండి దొరక్క, ప్రొద్దుటూరు ఆసుపత్రికి. ఆ సగం నేను చెప్పలేదు. ఎవరి జీపెక్కితే వాళ్ల మనిషే అనీ, ఆ జీపులో సీటు కింద బాంబులుంటాయనీ మా ఊళ్లో చిన్నపిల్లలకు తెలిసిన రోజులవి. నాకు తెలియదా? వాగుడుకాయను, నోరు జారింది అని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. జారలేదు. వదిలాను.

చేరకముందే ఉద్యోగం పోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఊళ్లో ఖాళీగా తిరిగి తిరిగి, చివరికి బావ నిజంగానే ఆ జీపెక్కాడు. పులివెందుల దారిలో ఎదుటి పార్టీవాళ్లు వేసిన బాంబుకు కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. ఆ తర్వాతే నన్ను పెళ్లి చేసుకున్నాడు. "నువ్వు కాకుంటే ఈ మొండిచెయ్యోన్ని ఎవరు చేసుకుంటారే" అంటాడు, ప్రేమగా. కోరుకున్న మనిషి దక్కాడు. ఇలా దక్కాలనా కోరుకున్నాను?

మొన్న టీవీలో ఆ విమానం ఎగిరింది. బావ మా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎడమచేత్తో దాని రెక్కలు చూపించాడు.

మరుసటి రోజు పొద్దున, ఎప్పటిలాగే ఆయన చొక్కా గుండీలు పెడుతూ, "నువ్వు నాయకుని జీపులో తిరుగుతాంటావని ఆ పొద్దు పోలీసాయనకు చెప్పింది నేనే బావా" అన్నాను. బరువు దిగింది. దిగినందుకు సిగ్గుగా ఉంది. ఆయన నా చేతులు తీసేసి, మిగిలిన గుండీ తానే పెట్టుకోవాలని చూశాడు. ఒంటిచేత్తో పట్టలేదు. నేను ముట్టుకోలేదు.