కోదాడ బండికి మొదటి తాళం

పొద్దున్నే అందరికంటే ముందు ఆటో దగ్గరికి చేరేది నేనే. ఆటో తోలే అతను ఎక్కనిచ్చేవాడు కాదు. "జర ఆగు పెద్దమ్మా, పుస్తెలున్నోళ్లు ఎవరన్న ఒకరు ఎక్కనీ" అనేవాడు.

ఆత్మకూరులో నాట్లేసే ఆడవాళ్ల ముఠాకు నేనే పెద్దను. పని మాట్లాడేది నేను, మనుషుల్ని పోగేసేది నేను, మడిలో ముందు దిగేదీ నేనే. మా ఆయన పోయాక ఆటో మాత్రం నేను ముందెక్కితే అచ్చిరాదట. నా చేత్తో నాటిన మడి ఎండిపోయిందేదో ఒక్కటి చూపించమనండి.

అందుకే సొంత బండి కొనాలనుకున్నాను. పాతదే, డీజిల్‌ది, రెండు ట్రిప్పుల్లో ముఠా అంతా చేరేంత పెద్దది. తోలేది నేనే. ట్రాక్టరు తోలడం మా ఆయన ఉన్నప్పుడే నేర్చుకున్నాను, కారు లైసెన్సు మొన్న తెచ్చుకున్నాను.

మా మరిదిని వెంటబెట్టుకుని ముందు మిర్యాలగూడ వెళ్లాను. పాత బండ్లమ్మే షెడ్డులో ఒక తెల్ల బండి, కొత్త రకం ఇంజను. మీట నొక్కితే స్టార్టయింది, అయిందని కూడా తెలియలేదు. మరిది మురిసిపోయాడు.

"వదినా, సప్పుడే లేదు సూడు! గిదే తీసుకుందాం."

నేను అమ్మేవాణ్ణి అడిగాను. "దూరం తోలను తమ్మీ. చేనుకు, కాలువ గట్టుకు. ఆపుడు, తీసుడు. నడుస్తదా?"

అతను తల గోక్కున్నాడు. అబద్ధం చెప్పలేదు, అంతవరకు మంచివాడే. "నడుస్తది గానీ అక్కా, దీనికి పొగ ఆపే జల్లెడుంటది. అప్పుడప్పుడు హైవే మీద జోరుగా తోలితేనే అందులో మసి కాలిపోతది. లేకుంటే మూసుకపోతది. ఇగ సూర్యాపేట షోరూముకు పోవుడే."

"అంటే దాని కోసం నేను ఊరికే హైవే మీద తిరగాల్నా?"

"నేను తిప్పుకొస్త గదా వదినా" అన్నాడు మరిది చటుక్కున.

అప్పుడర్థమైంది. ఈ బండి కొంటే తాళం వాడి జేబులో ఉంటుంది. పద అన్నాను.

రెండోది కోదాడలో, ఒకరి ఇంటి ముందు. పాత రకం ఇంజను. పొగ ఎక్కువ, డీజిల్ బాగా తాగుతుంది, ఏసీ పేరుకే. కానీ జల్లెడ లేదు, మన దగ్గర ఏ మెకానిక్కయినా విప్పగలడు. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్లో చెప్పాను. వేడి చేసి పెడితే ఎలాంటి డీజిల్ ఇంజనయినా పలుకుతుంది, దాని సంగతి తేలేది చల్లగా ఉన్నప్పుడే. పొద్దున్నే వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. ఎక్కి కూర్చున్నాను.

అరుగు మీద నుంచి యజమాని తల్లి అరిచింది. "ఆగమ్మా! పొద్దున్నే మొదటి తాళం మీరెందుకు తిప్పడం? ఆ అబ్బాయి చేత తిప్పించండి. బేరం కుదిరే వేళ!"

మరిది చెయ్యి చాపాడు కూడా.

"నా బండి, నేనే తిప్పుకుంటనమ్మా. కుదరకుంటే మీకే మిగుల్తది" అన్నాను.

తాళం సగం తిప్పి, చల్లటి ఇంజన్ను వేడి చేసే కాయిల్ లైటు ఆరేదాకా ఆగాను. బండి స్టార్ట్ కాకపోతే తప్పు ఇంజనుది కాదు, నాదవుతుంది. లైటు ఆరింది. తిప్పాను. ఒకసారి దగ్గి, నల్లగా పొగ వదిలి, అందుకుంది. ఆ మోతకు కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

మరిది చెవులు మూసుకున్నాడు. "గిదేం మోత వదినా! నువ్వొస్తున్నవని ఊరంత ముందే తెలుస్తది."

"తెల్వనీ. నేనెదురొస్తే మంచిది కాదనేటోళ్లు ముందే పక్కకు జరుగుతరు. నేనైతే జరగ."

ఆ బండే తెచ్చుకున్నాను. ఇప్పుడు మావాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కుతారు, ఎవరు ముందని అడిగేవాళ్లు లేరు. రోజూ పొద్దున్నే మొదటి తాళం నాదే. ఒక్కసారి మాత్రం హుజూర్‌నగర్ దారిలో పంచరైంది. ఆ రోజు పొద్దున్నే మొదటి తాళం తిప్పింది మా మరిది.